ఫ్లాపీ నేర్చుకున్న మూడో మాట

నేను ఒక ఫ్లాపీని, పాతకాలపు కంప్యూటర్ల రాతలు మోసే పలకని. నలుచదరంగా, నల్లగా, అప్పడంలా పల్చగా ఉంటాను. మధ్యలో గుండ్రటి రంధ్రం, కిందివైపు సన్నని కిటికీ. ఆ కిటికీలోంచి కనిపించే గోధుమరంగు పొరే నా ప్రాణం. దాని మీద వేలు పడితే ప్రమాదం, దుమ్ము పడితే ప్రమాదం. ఎండ తగిలితే వంకర పోతాను. అయస్కాంతం పక్కకి వస్తే నేర్చుకున్నదంతా మరిచిపోతాను. పుట్టినప్పటి నుంచీ నాకు భయమే తోడు. ధైర్యంగా బతకాలని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఒక్కసారి నా కవరులో దూరి చూడాలి.

నన్ను ఏ దేశంలో చేశారో గుర్తు లేదు. తెల్లటి గదిలో, ముఖాలకి గుడ్డలు కట్టుకున్న మనుషుల మధ్య కళ్ళు తెరిచాను. ఇంత జాగ్రత్తగా పుట్టించారు గదా, జీవితమంతా ఇలాగే చూసుకుంటారు కాబోలు అనుకున్నాను. హైదరాబాదులో దిగిన రోజే ఆ భ్రమ వదిలింది. కోఠీలో దుకాణం పెట్టుకున్నాయన నన్నూ నా తోబుట్టువులనీ ఉంచిన అట్టపెట్టె మీద టీ గ్లాసు పెట్టుకునేవాడు. గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ఒలుకుతుందేమోనని మేమంతా లోపల బిగుసుకుపోయేవాళ్ళం.

అక్కడి నుంచి ఒక యూనివర్సిటీకి చేరాను. పరిశోధన చేసుకునే ఒకాయన నా మీద ప్రోలాగ్ అనే కంప్యూటరు భాషని ఎక్కించాడు. కొన్నది కాదు, ఎవరి దగ్గరో ఉన్నదానికి నకలు. పెరుగు తోడు ఇంటింటికీ వెళ్ళినట్టు ఆ రోజుల్లో ప్రోలాగ్ కూడా అలాగే చేతులు మారుతూ తిరిగేది.

ఆ భాష సంగతి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మిగతా భాషల్లో కంప్యూటరుకి పని చెబుతారు. ఇది కూడు, అది తీసెయ్, మళ్ళీ మొదటికి రా అని వంటమనిషికి చెప్పినట్టు చెప్పాలి. ప్రోలాగ్‌కి పని చెప్పరు. ఏది నిజమో చెబుతారు. రాముడి తండ్రి దశరథుడు, దశరథుడి తండ్రి అజుడు, తండ్రికి తండ్రి తాత అవుతాడు అని చెప్పి ఊరుకోవచ్చు. తర్వాత రాముడికి అజుడు తాతా అని అడిగితే అదే వెతుక్కుంటుంది. దొరికితే ఔనంటుంది, దొరక్కపోతే లేదంటుంది. దానికి వచ్చినవి ఆ రెండు మాటలే. మూడో మాట ఒకటి కావలసి వస్తుందని అప్పుడు ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

హైమవతి ఆ యూనివర్సిటీలోనే ఎంటెక్ పూర్తి చేసింది. తెనాలి అమ్మాయి. బ్యాంకులో ఉద్యోగం వస్తే దాన్ని వదులుకుని, గోదావరి డెల్టాలో కొత్తగా వెలిసిన ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో టెంపరరీ లెక్చరరుగా చేరింది. కంప్యూటరు మీద పని చెయ్యాలన్నది ఆమె కోరిక. బ్యాంకు ఉద్యోగాన్ని కాలదన్నుకున్న పిల్లతో ఇంట్లో మాటలు బందయ్యాయి. త్వరలో పర్మనెంటు చేస్తారని వాళ్ళకి చెప్పి బయలుదేరింది. చేస్తారో లేదో ఆమెకీ తెలియదు.

యూనివర్సిటీ నుంచి వస్తూ నన్ను అడిగి తెచ్చుకుంది. రెండు అట్టల మధ్య పెట్టి, దారం కట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కిటికీ వైపు ఎండ, ఇటువైపు జనం. దారం వదులైతే మళ్ళీ బిగించుకుంటూ, అట్ట ఎత్తి నన్ను చూసుకుంటూ ఉంటే కండక్టరు వంగి చూశాడు.

“ఎక్స్‌రేనా అమ్మా? ఎవరికి బాగోలేదు?”

“అందరూ బాగానే ఉన్నారండీ. ఇది కంప్యూటరుది.”

“దానికా బాగోలేదు. పాపం” అని ఆయన టికెట్టు చింపిచ్చి, ఆ తర్వాత దారి పొడుగునా “జరగండి, ఎక్స్‌రే ఉందక్కడ” అని జనాన్ని నా మీద పడకుండా ఆపాడు. నా జీవితంలో అంత నిశ్చింతగా చేసిన ప్రయాణం మరొకటి లేదు.

కాలేజీలో కంప్యూటరు గదికి గుడి మర్యాదలన్నీ జరిగేవి. చెప్పులు బయట విడవాలి. కాళ్ళు తుడుచుకోవాలి. గట్టిగా మాట్లాడకూడదు. ఊరంతటికీ ఏసీ ఉన్న గది అదొక్కటే కావడంతో పని లేనివాళ్ళు కూడా దర్శనానికి వచ్చి కాసేపు కూర్చుని పోయేవారు. దసరాకి ఆయుధపూజ చేశారు. కంప్యూటరుకీ స్టెబిలైజరుకీ బొట్టు పెట్టి, నా దగ్గరికి కుంకుమ భరిణ తెచ్చారు. వద్దంటే అపచారం. పెడితే ఆ పొడి రాలి కిటికీలో పడి నా కథ ముగుస్తుంది. హైమవతి ఒక చేత్తో కిటికీకి కవరు అడ్డం పెట్టి పట్టుకుని, నన్ను వీలైనంత వంచకుండా చాచి, లేబులు మూల మీద మాత్రం బొట్టు పెట్టించింది. ఆ బొట్టు ఇప్పటికీ ఉంది.

పాఠాలు మొదలయ్యాయి. పుస్తకంలో మొదటి ఉదాహరణ ఒక ఇంగ్లీషు కుటుంబం. ఎవరికి ఎవరు ఏమవుతారో యంత్రం చెప్పాలి. హైమవతి బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలోంచి మాధవీలత లేచింది. కాలేజీ కరెస్పాండెంటు రామభద్రరాజు గారి అమ్మాయి ఆమె. ఆ సంగతి ఎప్పుడూ ప్రదర్శించని పిల్ల.

“మేడమ్, ఇందులో బాబాయి ఎవరండి, మామయ్య ఎవరండి?”

“ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకటే మాటమ్మా.”

“మరి మామయ్య కూతురు వరసవుతుంది, బాబాయి కూతురు చెల్లెలవుతుంది అని దానికెలా తెలుస్తుందండి?”

క్లాసు నవ్వింది. హైమవతి నవ్వలేదు. ఆ సాయంత్రమే తెలుగు వరసల ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టింది.

మొదట్లోనే బోర్లా పడింది. బావ ఎవరంటే, ఎవరికి నేను మరదలినో అతను అని రాసింది. మరదలు ఎవరంటే, ఎవరికి నేను బావనో ఆమె అని రాసింది. మనుషులకి ఇందులో తప్పేమీ కనపడదు. ఇళ్ళల్లో ఇలాగే చెప్పుకుంటారు. యంత్రం మాత్రం బావ దగ్గరికి వెళ్ళి మరదల్ని అడగమంటే మరదలి దగ్గరికి, అక్కడి నుంచి మళ్ళీ బావ దగ్గరికి తిరిగి తిరిగి, చివరికి జ్ఞాపకశక్తంతా ఖర్చు చేసుకుని కొయ్యబారిపోయింది. కంప్యూటరు ఆపి మళ్ళీ వేయాల్సి వచ్చింది. దాచుకోకుండా రాసుకున్నదంతా పోయింది. హైమవతి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు తుడుచుకుంది. కంప్యూటరు నోటిలాంటి డ్రైవులో కూర్చున్న నేను ఏమీ చెయ్యలేకపోయాను.

తర్వాత ఆమెకి మార్గం దొరికింది. పుట్టుక, పెళ్ళి, ఈ రెండే నేరుగా చెప్పాలి. ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరిని ఎవరు చేసుకున్నారో చెబితే చాలు, బావలూ వదినలూ మేనత్తలూ అందులోంచే రావాలి. వచ్చారు కూడా. అందరికీ అర్థం కావాలని జవాబుల్ని తెలుగులోకి మార్చింది. ఇంగ్లీషు అక్షరాల్లోనే అయినా తెర మీద ‘ఔను’, ‘లేదు’ అని పడేవి. చాలా ముచ్చటేసింది అందరికీ. ఇంగ్లీషులో కాదంటే వాదించే మనుషులు తెలుగులో లేదంటే నమ్మేస్తారని అప్పుడు తెలియలేదు.

ఈ ముచ్చట రామభద్రరాజు గారి చెవిన పడింది. కొత్త కంప్యూటరు బ్లాకు ప్రారంభోత్సవం దగ్గర పడుతోంది. కోర్సు కొనసాగించాలా వద్దా అని చూడటానికి యూనివర్సిటీ నుంచి కమిటీ కూడా ఆ రోజే వస్తోంది. ఆయన స్వయంగా గదికి వచ్చి, చెప్పులు విడిచి, నిలబడే మాట్లాడారు.

“మా ఇంటి వరసలు ఎక్కించండమ్మా ఇందులో. చుట్టాలంతా వస్తారు. ఊరికే లెక్కలు చూపిస్తే వాళ్ళకేం తెలుస్తుందండి? తమ పేరు తెర మీద పడితే తెలుస్తుంది.”

ఆయన వెళ్ళాక ప్రిన్సిపాల్ గారు గొంతు తగ్గించి చెప్పారు. “ఇది గట్టెక్కితే నీ పర్మనెంటు ఆర్డరు మీద ఆయన ఆ రోజే సంతకం పెడతారమ్మా. కమిటీ కూడా సరేనంటే కోర్సుకీ ఢోకా లేదు. జాగ్రత్త.”

ఆ జాగ్రత్త అన్న మాటతో హైమవతికి నిద్ర కరువైంది. నాకు ఎలాగూ లేదు.

ఇంటి సంగతులు చెప్పడానికి సుభద్రాయమ్మ గారు వచ్చారు. రామభద్రరాజు గారి మేనత్త. పుట్టింటి వాళ్ళనీ మెట్టినింటి వాళ్ళనీ, వాళ్ళ వియ్యపు వాళ్ళనీ కలిపి నోటితో చెప్పగల పెద్దావిడ. ఏసీ చలికి కొంగు చెవుల చుట్టూ బిగించుకుని కుర్చీలో కుదురుకుని మొదలుపెట్టారు. “మా నాన్నగారికి మా పెద్దన్నయ్య, తర్వాత నేను. అన్నయ్య కడుపున ఈ రామభద్రం. రాసుకున్నావా అమ్మా? మీ మిషను పరుగెడితే చెప్పు, ఆగుతాను.”

చివరిగా మరో ఇంటి సంగతి కూడా చెప్పాలని రామభద్రరాజు గారు కబురు పంపారు. మాధవీలతకి విజయనగరం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఇంటిపేరు వేరు, గోత్రం వేరు, కుర్రాడు ఇంజనీరు. పేరు గోపీనాథరాజు. ఫోటో చూసి మాధవీలత కూడా తల ఊపింది. ఆ ఇంటి వివరాలూ సుభద్రాయమ్మ గారికే తెలుసు. ఎలా తెలుసని ఎవరూ అడగలేదు.

“గోపీ వాళ్ళ నాన్న కృష్ణంరాజు. కృష్ణంరాజు వాళ్ళ నాన్న నరసింహరాజు. పోయాడులే పాపం.”

“నరసింహరాజు గారు ఎవరికి పుట్టారండీ?” అని అడిగింది హైమవతి, మీటల మీద వేళ్ళు ఉంచి.

ఆవిడ కొంగు మళ్ళీ సర్దుకున్నారు. “ఆ ఇంట పెరిగాడమ్మా. అక్కడికి చాలు.”

అంతవరకూ ప్రతి మనిషికీ ఫలానా వారి కడుపున పుట్టాడు అని చెప్పిన మనిషి, ఈయనకి మాత్రం పెరిగాడన్నారు. పెరగడం హైమవతి రాసిన ప్రోలాగ్‌కి చెప్పడానికి లేదు. పుట్టుకా, పెళ్ళీ మాత్రమే చెప్పాలి. హైమవతి వేళ్ళు కాసేపు గాలిలో ఆగాయి. ఇంతలో ప్రిన్సిపాల్ గారు అయిందా అని తలుపు తీశారు. ఆమె నరసింహరాజు గారి పైన ఏమీ రాయకుండా వదిలేసి, అంతా నా మీద దాచింది. నా ఒంటి మీద ఆ ఖాళీ నాకు తెలుస్తూనే ఉంది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున మైకుసెట్టు మనిషి స్పీకరు పెట్టె తెచ్చి సరిగ్గా నా పక్కన పెట్టాడు. స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. నేను అరవలేను. హైమవతి చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చి నన్ను లాక్కుంది. డ్రైవులో పెట్టి, నా మీదున్నదంతా తెర మీదికి వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

గది నిండిపోయింది. ముందు వరసలో కమిటీ వాళ్ళు, పక్కన చుట్టాలు, చివర సుభద్రాయమ్మ గారు. ముందు తేలిక ప్రశ్నలు అడిగారు. ఫలానా ఆయన ఫలానా ఆవిడకి ఏమవుతాడంటే యంత్రం చెబుతోంది, ఆ ఆవిడ లేచి “ఔనండీ, మా చినమావయ్యే” అని ఒప్పుకుంటోంది. నవ్వులు, చప్పట్లు. కమిటీ పెద్దాయన కూడా ముందుకి వంగి కూర్చున్నారు. అప్పుడు రామభద్రరాజు గారు మైకు అందుకున్నారు.

“మా అమ్మాయి మాధవీలతకీ, విజయనగరం గోపీనాథరాజుకీ సంబంధం అనుకుంటున్నామండి. ఇద్దరికీ అన్నాచెల్లెళ్ళ వరస ఏమైనా ఉందేమో, ఇంత మంది పెద్దల సమక్షంలో కంప్యూటరునే అడుగుదాం.”

హైమవతి ఆయన వైపు చూసింది. ఇలా అడుగుతారని ఆమెకి ముందు చెప్పలేదు. అడగను అనడానికి లేదు. ప్రశ్న టైపు చేసింది. యంత్రం మాధవీలత వైపు నుంచి పైకెక్కి తండ్రినీ, తాతనీ, ముత్తాతనీ చూసింది. అటు గోపీనాథరాజు వైపు నుంచి ఎక్కి నరసింహరాజు గారి దగ్గర ఆగిపోయింది. ఆ పైన మెట్టు లేదు. ఇద్దరూ ఎక్కడా కలవలేదు కాబట్టి దానికి తెలిసిన రెండు మాటల్లో రెండోది తెర మీద పడేసింది.

లేదు.

గది దద్దరిల్లింది. “ఇంకేం, కంప్యూటరే తాంబూలం ఇచ్చేసింది” అన్నారెవరో. రామభద్రరాజు గారి ముఖం వెలిగిపోయింది. మాధవీలత తల దించుకుంది. చివర కూర్చున్న సుభద్రాయమ్మ గారు కళ్ళు మూసుకుని, చాలాసేపు పట్టి ఉంచిన ఊపిరి ఒక్కసారి వదిలారు. హైమవతి అది చూసింది. ఆ ఊపిరితో ఆమెకి భయం పట్టుకుంది.

లేచి చెప్పాలనుకుంది. ఈ లేదుకి అర్థం వరస లేదని కాదండీ, ఉన్నట్టు దానికెవరూ చెప్పలేదని. ఆ ఒక్క ముక్క చెబితే ఇంతసేపూ చప్పట్లు కొట్టించుకున్న యంత్రం తెల్లముఖం వేస్తుంది, ఆమె కూడా వేస్తుంది. కమిటీ వాళ్ళు పెన్నులు మూతలు తీసి రాసుకుంటున్నారు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. అంతలో జనం లేచి భోజనాలకి వెళ్ళిపోయారు.

నిశ్చయ తాంబూలాలకి రోజు పెట్టారు. హైమవతి ఆర్డరు టైపు అయి రామభద్రరాజు గారి టేబులు మీదికి చేరింది, సంతకం ఒక్కటే ఆలస్యం. ఆ రోజుల్లో ఆమె రోజూ మధ్యాహ్నం క్లాసులయ్యాక ఒంటరిగా వచ్చి, నన్ను డ్రైవులో పెట్టి, అదే ప్రశ్న అడిగేది. అదే జవాబు వచ్చేది. మళ్ళీ అడిగేది. ఎన్నిసార్లు అడిగినా నాకు చెప్పనిది ఎక్కడి నుంచి తేను? ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నట్టయింది ఆమె పని. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఒకవేళ ఆ ఖాళీలో ఏదైనా ఉంటే రెండు జీవితాలు పోతాయి. ఏమీ లేకపోనూ వచ్చు. ఆ తెలియకపోవడమే ఆమెని తినేసింది. తెలిసిన ప్రమాదం కంటే తెలియని ప్రమాదమే మనిషిని ఎక్కువ తింటుంది. ఆ విషయంలో నాకూ అనుభవం ఉంది.

చివరికి ప్రిన్సిపాల్ గారికి చెప్పింది. ఆయన తలుపు వేసి వచ్చి కూర్చున్నారు.

“నీ దగ్గర ఆధారం ఏముందమ్మా?”

“ఏమీ లేదు సార్. ఒక మాట వదిలేశారని అనుమానం.”

“వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఇక్కడ అబద్ధం కూడా ఎవరూ ఆడలేదు. వాళ్ళింటి వాళ్ళకి లేని అనుమానం నీకెందుకు? కందకి లేని దురద కత్తిపీటకెందుకు చెప్పు. నీ కాగితం అక్కడ సంతకానికి ఉంది. ఊరుకో.”

ఆయన చెడ్డవారు కాదు. ఆమె మంచి కోరే చెప్పారు. హైమవతి తల ఊపి, తిన్నగా కంప్యూటరు గదికి వచ్చి, చెప్పులు విడవడం కూడా మరిచిపోయి యంత్రం ముందు కూర్చుంది.

ఆ రోజు ఆమె నాకు మూడో మాట నేర్పింది. లేదు అనే ముందు ఇద్దరి వైపునా ముత్తాత దాకా ఎక్కి చూడు. పుట్టుక అంతా చెప్పి ఉంటేనే లేదు అను. దారిలో పుట్టుక చెప్పని మనిషి ఒక్కడు తగిలినా లేదనే హక్కు నీకు లేదు, తెలియదు అను. రాయడానికి నాలుగైదు వాక్యాలే. మధ్యలో కరెంటు ఊగిసలాడింది, స్టెబిలైజరు టకటకలాడింది. ఆమె వాక్యానికొకసారి దాచుకుంటూ రాసింది. చివరిసారి దాచినప్పుడు ఆ మాట నా పొర మీద ఎక్కడ పడిందో నాకు తెలిసింది. అన్ని మాటల్లోనూ అదే బరువైనది.

తాంబూలాలకి ఇంకా కొద్ది రోజులున్నాయనగా, బట్టలు కొనడానికి వెళుతూ రామభద్రరాజు గారు కాలేజీ దగ్గర ఆగారు. హైమవతి కబురు పంపింది, ఒక్క నిమిషం రమ్మని. ఆయన వెంట సుభద్రాయమ్మ గారు కూడా కారు దిగారు. ప్రిన్సిపాల్ గారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

హైమవతి ఏమీ చెప్పకుండా అదే ప్రశ్న టైపు చేసింది. మాధవీలతకీ గోపీనాథరాజుకీ అన్నాచెల్లెళ్ళ వరస ఉందా? నేను డ్రైవులో తిరిగాను. అంత భయంగా ఎప్పుడూ తిరగలేదు.

తెర మీద ‘తెలియదు’ అని పడింది.

రామభద్రరాజు గారు కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివారు. “మొన్న లేదంది కదమ్మా. ఇవాళ తెలియదంటుంది. ఏది నిజమండి?”

“మొన్న కూడా దానికి తెలియదండీ” అంది హైమవతి. “ఆ మాట చెప్పడం రాక లేదంది. నరసింహరాజు గారు ఎవరి బిడ్డో దానికి ఎవరూ చెప్పలేదు. తప్పు నాది. ఆ రోజే లేచి చెప్పాల్సింది.”

ఇంతలో సుభద్రాయమ్మ గారు కుర్చీ కోసం తడుముకుని కూర్చున్నారు.

“నేను చెబుతాను బాబూ. నరసింహం నా తమ్ముడు. మా అమ్మ కడుపున ఆఖరి వాడు. పొత్తిళ్ళలో ఉండగా విజయనగరం వాళ్ళకి దత్తతిచ్చేశారు. ఇచ్చిన బిడ్డని మళ్ళీ మన బిడ్డ అనకూడదని అమ్మ మా అందరి చేతా పసుపునీళ్ళు ముట్టించి ఒట్టు వేయించుకుంది. వాడి పేరెత్తకుండానే పోయింది. దీపం పెట్టినప్పుడల్లా మాత్రం ఉత్తరం వైపు చూసేది.”

“అత్తా” అన్నారాయన. “ఆ రోజు మీరూ అక్కడే కూర్చున్నారు కదండి.”

“కూర్చున్నాను. అది చెబుతుందని కూర్చున్నాను. ఒట్టు నాకుంది గానీ దానికి లేదు కదా. అంత పెద్ద మిషను, చెప్పులు విప్పి దణ్ణం పెట్టి లోపలికి వస్తున్నాం, దానికి తెలీకుండా ఉంటుందా అనుకున్నాను. అది లేదంది. అంటే దత్తతతో ఆ రక్తం తెగిపోయింది కాబోలు, నాదే చాదస్తం అనుకుని మనసుకి సర్దిచెప్పుకున్నాను. తెలియదందిగా ఇప్పుడు. దానికే తెలియనప్పుడు ఇంక చెప్పాల్సింది నేనే కదా బాబూ.”

ఆవిడ ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చున్నారు. రామభద్రరాజు గారు వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుని లేపారు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, హైమవతికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు. ఆమె కూడా పెట్టింది. గండం గడిచిందని నేను అనుకున్నాను.

జాతకాలు కుదరలేదని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాట మాత్రం కంప్యూటరు అనలేదు. మాధవీలత చాలా రోజులు క్లాసుకి రాలేదు. వచ్చిన రోజు అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి హైమవతి దగ్గరికి వచ్చింది. తెర మీద పడిన ఆ మూడో మాట సంగతి ఆమెకి ఇంట్లో తెలిసింది.

“ఫోటో తిరిగి పంపించేశానండి. దాని వెనక అన్నయ్యకి అని రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు” అంది. పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది.

రామభద్రరాజు గారు మర్యాదస్తులు. అయితే ఆ గది ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా ఆయన తల పక్కకి తిప్పుకునేవారు. ఇంటి గుట్టు తెలిసిన మనిషిని కృతజ్ఞతతో చూడటం ఎంత కష్టమో ఆయన్ని చూశాక తెలిసింది. కమిటీ కోర్సు అనుమతిని మరుసటి ఏడాదికి వాయిదా వేసింది. కంప్యూటరుని ఆఫీసులో జీతాల పనికి తరలించారు. సంతకం కోసం ఎదురుచూసిన ఆర్డరు మరి కనపడలేదు. ఏడాది చివర హైమవతికి శాలువా కప్పి, పండ్లు ఇచ్చి, ఎంతో బాగా మాట్లాడి పంపించేశారు. గౌరవంగా సాగనంపడంలో ఆ కాలేజీ వాళ్ళకి సాటి లేరు.

వెళ్ళే ముందు ఆమె నన్ను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. నేను ఆమె సొత్తే, పట్టుకెళ్ళొచ్చు. ఆమె మాత్రం నా పక్కనున్న గాడికి చిన్న వెండి కాగితం అంటించింది, ఇక నా మీద ఎవరూ ఏమీ రాయకుండా. కవరులో పెట్టి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చింది. “ఇందులో వాళ్ళింటి సంగతి ఉంది సార్. నా దగ్గర ఉండకూడదు.” ఆయన నన్ను ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు.

బీరువాలో ఏళ్ళు గడిచాయి. డెల్టా చెమ్మ గురించి మీకు తెలుసు కదా. గోడలకి పట్టినట్టే నాకూ బూజు పట్టింది. మొదట కిటికీ అంచున తెల్లగా చిన్న చుక్క, తర్వాత లోపలికి. అది ఏ మాటని తింటోందో తెలియక నేను పడ్డ ఆందోళన చెప్పలేను. మిగతావన్నీ పోయినా ఫరవాలేదు, ఆ ఒక్కటి మిగలాలి అని మాత్రం కోరుకునేదాన్ని.

బీరువా తెరిచినప్పుడు బయట లోకం మారిపోయింది. నన్ను చదవగల డ్రైవు ఆ కాలేజీలో ఒక్కటీ లేదు. వార్షికోత్సవానికి ఒక గాజు బల్ల చేయించి, అందులో నన్ను పడుకోబెట్టారు. బొట్టు ఉన్న లేబులు కనపడేలా పెట్టారు. దాని మీద హైమవతి చేతిరాతతో ఆమె పేరు ఉంది. ఆ ఏర్పాటు చేయించింది ఇప్పటి కరెస్పాండెంటు. తలలో తెల్ల వెంట్రుకలు వచ్చాయి గానీ ఆమెని నేను గుర్తుపట్టాను. మాధవీలత గారు.

ఒకరోజు కొత్తగా చేరిన పిల్లలకి ఒక లెక్చరరు నన్ను చూపిస్తున్నాడు. ఆమె కూడా వెనక నిలబడ్డారు.

“ఇందులో ఇప్పుడేమైనా ఉందా సార్?” అని ఒక అమ్మాయి అడిగింది.

“లేదమ్మా, ఏమీ లేదు” అన్నాడతను, నా వైపు చూడనైనా చూడకుండా. చదవలేకపోవడానికీ లేకపోవడానికీ తేడా అతనికి ఎవరూ నేర్పలేదు. నేనేమీ అనుకోలేదు. నేనూ ఒకప్పుడు అలాగే మాట్లాడాను.

ఆ అమ్మాయి గాజు మీదికి వంగి లేబులు చదివి మాధవీలత గారి వైపు తిరిగింది. “హైమవతి గారంటే ఎవరు మేడమ్? ఇప్పుడున్నారా ఆవిడ?”

ఇన్నేళ్ళలో ఆ కాలేజీ వాళ్ళు ఒక్కరూ హైమవతి ఎక్కడుందో కనుక్కోలేదు. మాధవీలత గారు గాజు మీద చెయ్యి పెట్టారు, సరిగ్గా నా కిటికీ పైన.

“తెలియదమ్మా” అన్నారు.

ఆ మాట ఎవరు నేర్పిందో ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.